పిచ్చి రాజు పాత్ర పాడాలంటే

ఒక్క గొంతు, ఆరుగురు వాద్యకారులు, అరగంట సమయం. బ్రిటన్ రాజు మూడో జార్జ్ మతి చెడి, పిట్టలకు పాట నేర్పాలని చూస్తూ, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతూ, చివరికి తన చావును తానే చాటి వెళ్ళిపోతాడు. బ్రిటిష్ స్వరకర్త పీటర్ మాక్స్‌వెల్ డేవిస్ 1969లో కూర్చిన ‘ఎయిట్ సాంగ్స్ ఫర్ ఎ మ్యాడ్ కింగ్’ ఇదే. మాటలు ఆస్ట్రేలియా నవలాకారుడు రాండాల్ఫ్ స్టో రాశాడు. ఆ ఏడాది ఏప్రిల్ 22న లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ హాల్లో మొదటిసారి ఆడినప్పుడు రాజుగా పాడింది రాయ్ హార్ట్. మామూలు గాయకుడు రెండు, మహా అయితే మూడు స్థాయిల్లో తిరుగుతాడు. హార్ట్ గొంతు నాలుగు స్థాయిలు దాటి పోయేది. ఆ గొంతును దృష్టిలో పెట్టుకునే డేవిస్ ఈ పాత్ర రాశాడు.

బయటి దేశాల్లో సంగీతం చదువుతున్న మనవాళ్ళు, నాటకం నుంచి పాటలోకి వచ్చినవాళ్ళు, కర్ణాటక సంగీతం నేర్చుకుని కొత్త దారి వెతుకుతున్నవాళ్ళు... ఈ పాత్ర ఎవరి చేతికి వచ్చినా ఎక్కడ మొదలుపెట్టాలో, గొంతు పోగొట్టుకోకుండా ఎలా తయారవ్వాలో ఇక్కడ చెప్తాను. ఇలాంటి కృతి ఇంకేది పాడినా పద్ధతి దాదాపు ఇదే.

ఒక్క మాట ముందే చెప్పాలి. పిచ్చిని పాడకండి. రాజుకు ఏం కావాలో అది పాడండి. తాళంచెవి ఎవరో కాజేశారు, రాణిని ఎక్కడో కట్టేశారు, వైద్యుడు అబద్ధం చెప్పాడు: మనకు మతిభ్రమణంలా కనిపించేవన్నీ రాజుకు తక్షణం తేల్చుకోవాల్సిన పనులు. గొంతులో వచ్చే ప్రతి అరుపు, కీచు, గురక ఆ పని కోసం రావాలి. అలా రాకపోతే ప్రేక్షకులకు వినిపించేది ఒక గాయకుడి విన్యాసం మాత్రమే. మొదటి ఐదు నిమిషాలు ఆశ్చర్యపోతారు, తర్వాత వాళ్ళ దృష్టి మళ్ళుతుంది.

స్కోరు (స్వరలిపి) తెరవకముందు రాజును తెలుసుకోండి

1788 చివర్లో రాజుకు జబ్బు చేసింది. ఆయన ఆగకుండా మాట్లాడేవాడు, గొంతు బొంగురుపోయినా మాట ఆగేది కాదు. రాణి దగ్గర ఉద్యోగంలో ఉన్న రచయిత్రి ఫ్యానీ బర్నీ తన డైరీలో ఆ రోజుల గురించి వివరంగా రాసుకుంది. ఆ పేజీలు తప్పకుండా చదవండి. డిసెంబరులో ఫ్రాన్సిస్ విల్లిస్ అనే వైద్యుడు వచ్చాడు. ఆయన మతగురువు కూడా. రాజు మాట వినకపోతే చేతులు కదలని అంగీ తొడిగించేవాడు, కుర్చీకి కట్టించేవాడు. రాజు ఆ కుర్చీని తన పట్టాభిషేక సింహాసనం అనేవాడట. 1789 మొదట్లో కోలుకున్నాడు. 1801లో, 1804లో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. 1810లో వచ్చినది ఇక తగ్గలేదు. 1811లో కొడుకు రాజప్రతినిధి అయ్యాడు. చూపు కూడా పోయిన రాజు 1820 జనవరి 29న విండ్సర్‌లో చనిపోయాడు.

ఇది ఏ జబ్బు? 1960ల్లో ఇద్దరు వైద్యులు, ఐడా మెకాల్పిన్, రిచర్డ్ హంటర్, పోర్ఫిరియా అనే వంశపారంపర్య వ్యాధి అని వాదించారు. చాలాకాలం అందరూ దాన్నే నమ్మారు. ఇప్పుడు చాలామంది పరిశోధకులు దాన్ని ఒప్పుకోవడం లేదు, తీవ్రమైన ఉన్మాద స్థితులు అంటున్నారు. గాయకుడిగా మీరు ఈ తగువు తీర్చనక్కర్లేదు. జబ్బు పేరు పట్టుకుని దాని లక్షణాలు ఒక్కొక్కటీ ఒంటికి తెచ్చుకోవడం మొదలుపెడితే పాత్ర కాస్తా ఆసుపత్రి ఫైలు అయిపోతుంది. చరిత్ర నుంచి గొంతుకు పనికొచ్చేవి మాత్రం ఏరుకోండి. మాటలో వేగం, బొంగురు, తనకేదో అవుతోందని తనకే తెలియడం. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం.

ఇంకో వివరం. రాజు దగ్గర ఎనిమిది పాటలు పాడే చిన్న మర ఆర్గన్ ఒకటి ఉండేది. దాంతో బుల్‌ఫించ్ పిట్టలకు పాట నేర్పాలని చూసేవాడు. తర్వాతి కాలంలో ఆ ఆర్గన్ చరిత్రకారుడు స్టీవెన్ రన్సిమన్ చేతికి వచ్చింది. స్టో దాన్ని ఆయన దగ్గరే చూశాడు. కృతిలో ఎనిమిది పాటలు ఉండటానికి కారణం అదే. ప్రతి పాటకూ ఆ ఆర్గన్ పాడే ఒక పాట పేరు కలిసి ఉంటుంది. వేదిక మీద ఫ్లూటు, క్లారినెట్, వయొలిన్, చెల్లో వాయించేవాళ్ళు పెద్ద పంజరాల్లో కూర్చుంటారు. వాళ్ళే ఆ పిట్టలు. తాళవాద్యాలు వాయించే మనిషి రాజుకు కాపలాదారు. దీన్నిబట్టి వేదిక మీద మీ సంబంధాలన్నీ తేలిపోతాయి. మీరు ఒంటరిగా పాడుతున్నా ఎదురుగా శిష్యులున్నారు, వెనక కాపలా ఉంది.

ప్రతి పాట పక్కన ఒక కోరిక రాయండి

మాటలను సంగీతం లేకుండా చదవండి. గట్టిగా, మామూలు గొంతుతో, చాలాసార్లు. తర్వాత ప్రతి పాట పక్కన పెన్సిల్‌తో ఒకే ఒక వాక్యం రాయండి: ఇక్కడ రాజు ఎవరి దగ్గర, ఏం అడుగుతున్నాడు? ‘కోపంగా’, ‘భయంగా’ లాంటి భావాల పేర్లు రాయకండి. భావం పేరు రాసుకుంటే గొంతు దాన్ని బొమ్మ గీసినట్టు గీస్తుంది తప్ప పాత్ర కదలదు.

మొదటి పాటలో కాపలావాడిని తలుపు తీయమని బతిమాలుతున్నాడు, వచ్చే నెల క్యాబేజీ ఇస్తానని ఆశ పెడుతున్నాడు. రాజు లంచంగా క్యాబేజీ ఇస్తాననడం విని హాలు నవ్వొచ్చు. నవ్వనివ్వండి, మీరు మాత్రం ఆ క్యాబేజీని నిజంగానే ఇవ్వాలి. వెంటనే తాళంచెవి ఎవరు కాజేశారని కేక వేస్తాడు. అంతలోనే జాలి చూపమని మూడుసార్లు అడుగుతాడు. రెండో పాటలో పచ్చటి పల్లె కళ్ళ ముందు పాములుగా మారిపోతుంది. నాలుగో పాటలో థేమ్స్ నది మీద తన జనాన్ని దూరంగా పంపేసి, చివరికి ఒంటరినయ్యానంటాడు. ఐదో పాటలో ఎస్తర్ అనే, లేని రాణిని పిలుస్తాడు. వేరెవరినో తన భార్య అంటున్నారని గోడు వెళ్ళబోసుకుంటాడు.

మూడో పాట దగ్గర ఆగండి. స్కోరు తెరిచి చూడగానే స్వరరేఖలు పంజరం ఆకారంలో కనిపిస్తాయి. రాజు ఒక పరిచారికతో మాట్లాడాలనుకుంటాడు, ఆమె బదులు ఫ్లూటు పలుకుతుంది. ‘మాట్లాడుకుందాం, నేనేం హాని చేయను’ అన్నదే మాట. ఈ పాటను చాలామంది వికారమైన సరసంలా పాడతారు. నాకు అది అస్సలు నచ్చదు. మాటలు చదివితే తెలుస్తుంది, ఆయన అడుగుతున్నది గుర్తు తెచ్చుకోవడానికి సాయం. పట్టు, లేసు, నార బట్టల వెనక ఒకప్పుడు ఏదో ఉండేది, అదేమిటో తనకు గుర్తు రావడం లేదు. ఫ్లూటు వాయించే కళాకారిణిని మీ వైపు చూడొద్దనండి. అప్పుడు మీ గొంతు ఆమె దృష్టి కోసం వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటలో పిట్ట కూతలు, గురకలు, సన్నటి కీచులు వాటంతట అవే అర్థవంతమవుతాయి.

ఎనిమిదో పాట వేరు. ఇక్కడ రాజు ప్రజల ముందుకొచ్చి, రాజు చనిపోయాడని ప్రకటిస్తాడు. చెట్లతో మాట్లాడాడనీ, పెద్ద కొడుకు మీద పడ్డాడనీ, జనం తనను కొట్టారనీ, ఎక్కిరించారనీ మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్తాడు. కళ్ళు బ్లాక్‌కరంట్ పండ్ల జెల్లీలా అయిపోయాయి కాబట్టి అద్దాలకు తెరలు వేయించాడంటాడు. దీన్ని మీకు చేతనైనంత మామూలుగా మొదలుపెట్టండి. సంతాప సభలో ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నట్టు. అంతసేపు విన్న అరుపులన్నిటికన్నా ఆ మామూలు గొంతే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఒక్క వాక్యం మీద ఒక పూట కూర్చోండి

ఆరో పాటలోని మాటలు స్టో కల్పించినవి కావు, ఫ్యానీ బర్నీ డైరీలో రాజు అన్నట్టు ఉన్నవే. అందుకే సాధన ఇక్కడ మొదలుపెట్టమంటాను. ముందు మీ మాటల్లో, మీ ఇంట్లో పెద్దాయన డాక్టర్ ముందు కూర్చుని చెప్తున్నట్టు చెప్పి చూడండి:

‘నాకు టెన్షన్‌గా ఉందండీ. జబ్బేం లేదు, టెన్షన్‌గా ఉంది. నాకేమైందో తెలియాలంటే చెప్తాను, టెన్షన్‌గా ఉంది.’

ఒకే మాట మూడుసార్లు. మొదటిసారి ఎదుటివాళ్ళకు ధైర్యం చెప్పడానికి. రెండోసారి, వాళ్ళ మొహాల్లో ‘జబ్బు’ అనే మాట కనిపించింది కాబట్టి, దాన్ని కొట్టిపారేయడానికి. మూడోసారి ఎవరూ అడగని ప్రశ్నకు జవాబుగా. మూడింటికీ ఊపిరి తీరు మూడు రకాలుగా ఉండాలి. మొదటిదానికి ముందు తీరిగ్గా, రెండోది గబుక్కున, మూడోసారి అసలు తీసుకోకుండా, ఉన్న ఊపిరి అడుగంటే దాకా. మూడోసారికి గొంతు దానంతట అది కీచుమంటుంది. ఆ కీచు మీరు పెట్టింది కాదు, ఊపిరి లేక వచ్చింది. స్కోరులో అక్కడ ఏ ధ్వని రాసి ఉందో దాన్ని ఇప్పుడు ఈ కారణానికి జోడించండి.

తర్వాత వైద్యుల వంతు, రాజు వాళ్ళతో అంటున్నాడు: మీ ఇద్దరూ అంటే నాకు ఇష్టమే, నిజం చెప్పండి చాలు. హెబర్డెన్ అంటే అందరికన్నా ఇష్టం, ఆయన అబద్ధం చెప్పలేదు. సర్ జార్జ్ చెప్పాడు. అది తెల్ల అబద్ధమట, అంటే మంచికోసం చెప్పినదట. నాకు తెల్ల అబద్ధం అంటే అసహ్యం, చెప్తే నల్ల అబద్ధమే చెప్పండి! ఈ వాదనలో తప్పేముంది? రోగి దగ్గర నిజం దాచే అలవాటు మన ఇళ్ళలోనూ ఉంది కదా. గదిలో అందరికన్నా సరిగ్గా ఆలోచిస్తున్నది రాజే. కాబట్టి అరుపు గాల్లోకి వెళ్ళకూడదు, సర్ జార్జ్ కళ్ళలోకి వెళ్ళాలి. ఆయన హాల్లో ఏ వరసలో కూర్చున్నాడో మీరు నిర్ణయించుకోండి, ప్రతి రిహార్సల్‌లోనూ అదే వరస ఉంచండి.

మిగతా పాటలన్నిటికీ ఇలా కూర్చునే ఓపిక ఉంటే పాత్ర సగం వచ్చేసినట్టే.

గొంతును విడి విడి ధ్వనులుగా నేర్పండి

ఈ కృతిలో మామూలు బారిటోన్ (మగవాళ్ళ మధ్యరకం గొంతు) పాటతో పాటు ఫాల్సెటో (సన్నటి దొంగ గొంతు), గరగర, అరుపు, గుసగుస, ఊపిరి లోపలికి తీస్తూ పాడటం, ఒకేసారి రెండు మూడు స్వరాలు వినిపించేలా గొంతు చీల్చడం అన్నీ ఉన్నాయి. వీటిని పాటలో పెట్టి నేర్చుకోకండి. ఒక్కొక్కటి విడిగా, తక్కువ సేపు, తక్కువ శబ్దంతో నేర్చుకోండి.

మొదలుపెట్టే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో స్వరపేటిక చూపించుకోండి. ఇప్పటికే పుండో బుడిపో ఉంటే ఈ పాత్ర దాన్ని పెంచుతుంది. అరుపుకు అసలు రహస్యం ఊపిరి ఒత్తిడి పెంచకపోవడం. గట్టిగా అరిచినట్టు వినిపించే గరగర నిజానికి స్వరతంత్రుల పైన ఉండే మడతలు కంపించడం వల్ల రావచ్చు. తంత్రులు అప్పుడు కూడా మెల్లగానే పని చేస్తాయి. దీన్ని సొంతంగా కనిపెట్టబోకండి, ఇలాంటి ధ్వనులు నేర్పే టీచర్ దగ్గర కూర్చోండి. గరగరను మంద్రంలో, నిద్ర లేచినప్పుడు వచ్చే బద్ధకపు గొంతులాంటి దాని నుంచి మొదలుపెట్టి పైకి తీసుకెళ్ళడం తేలిక. చీలిన స్వరం కూడా చాలామందికి అక్కడి నుంచే దొరుకుతుంది. లోపలికి ఊపిరి తీస్తూ పాడితే గొంతు త్వరగా ఎండిపోతుంది, అది ఎప్పుడు చేసినా పక్కన నీళ్ళుండాలి.

పది నిమిషాలు సాధన, ఆ తర్వాత నీళ్ళ గ్లాసులో స్ట్రా పెట్టి బుడగలొచ్చేలా ‘ఊ’ అంటూ మెల్లగా స్వరం పలికించడం, కాస్త విరామం. ఇదీ వరస. రోజూ పొద్దున ఒక పరీక్ష చేసుకోండి: తారస్థాయిలో మీకు అందే స్వరాన్ని చాలా మెల్లగా, గాలి శబ్దం కలవకుండా పలకండి. నిన్న పలికింది ఇవాళ పలకకపోతే ఆ రోజు అరుపులు బంద్. నొప్పి వస్తే అదే నిమిషం ఆపేయాలి. మంట కూడా నొప్పి కిందే లెక్క.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకు రెండు విషయాలు. ఒకటి, ఫాల్సెటో. దొంగ గొంతు అని మన గురువులు దాన్ని మొదట్లోనే కత్తిరించేస్తారు. మళ్ళీ మొలిపించడానికి నెలలు పడుతుంది, కంగారు పడకండి. రెండోది మీకు కలిసొచ్చేది, శ్రుతి. ఈ కృతిలో 18వ శతాబ్దపు మినియెట్ నాట్యం తరహా వరసలు, స్వరకర్త హాండెల్ పాట పోలికలు, ఫాక్స్‌ట్రాట్ నాట్యపు నడక అన్నీ మధ్య మధ్య తొంగి చూస్తాయి. అక్కడ స్వరం కత్తిలా ఉండాలి. రాజు నిజంగా సంగీతం తెలిసిన మనిషి, హాండెల్ అంటే ప్రాణం. తాను ఏం పోగొట్టుకుంటున్నాడో శ్రుతిలో ఉన్న ఆ నాలుగు క్షణాల్లోనే మనకు తెలుస్తుంది. శ్రుతి తప్పిన చోట్లను ఎంత సాధన చేస్తారో, శ్రుతిలో ఉన్న చోట్లను అంతకన్నా ఎక్కువ చేయండి.

అతుకుల దగ్గరే అసలు పని

ధ్వనులన్నీ విడిగా వచ్చాక, ఒకదాని నుంచి ఇంకోదానికి దూకడం నేర్చుకోవాలి. పిచ్చి అని ప్రేక్షకులకు అనిపించేది అరుపు వల్ల కాదు, అరుపు పక్కనే మర్యాదైన మాట రావడం వల్ల. బతిమాలడం, గద్దించడం, పసివాడిని పలకరించడం, మూడూ ఒకే ఊపిరిలో. అందుకని స్కోరులో ప్రతి మలుపు దగ్గర గుర్తు పెట్టుకుని, మలుపుకు ముందు రెండు సెకన్లు, తర్వాత రెండు సెకన్లు మాత్రమే సాధన చేయండి. మధ్యలో ఏమీ ఉండకూడదు. కొత్త ఆలోచన రాగానే మొహం, ఊపిరి, స్వరం ఒకేసారి మారాలి. మొహం ముందు మారి స్వరం తర్వాత మారితే నటన బయటపడిపోతుంది.

దీనికి మంచి సాధన గ్రంథం ఇటలీ స్వరకర్త లూచానో బెరియో 1965–66లో గాయని కేథీ బెర్బేరియన్ కోసం రాసిన ‘సెక్వెంజా 3’. ఆడ గొంతుకు రాసినదే అయినా మగవాళ్ళు కూడా ఇంట్లో సాధనకు వాడుకోవచ్చు. వాద్యాలు లేవు, ఒక్క గొంతే. దగ్గు, నవ్వు, నాలుక టకటక, చిటిక, గొణుగుడు అన్నీ సంగీతంలో భాగం. స్వరాల పైన మనఃస్థితుల పేర్లు ఉంటాయి, అవి కొద్ది సెకన్లకోసారి మారిపోతుంటాయి. అందులో ఏవైనా మూడు పేర్లు తీసుకుని, ఒకే స్వరం మీద వాటిని వరసగా మార్చడం రోజూ చేయండి. బెరియో అక్కడ పిచ్చిమనిషిని రాయలేదు, అయినా వినేవాళ్ళకు అలా అనిపిస్తుంది. వేగంగా మారే మనసును మనం ఎంత తొందరగా ‘పిచ్చి’ అనేస్తామో ఆ కృతి వింటే అర్థమవుతుంది.

గాయనులకు ఇంకో దారి ఉంది. డేవిస్, స్టో ఇద్దరూ 1974లో ‘మిస్ డోనిథోర్న్స్ మ్యాగట్’ రాశారు. పెళ్ళి ఆగిపోయి, ఇంటి తలుపులు మూసుకుని బతికిన సిడ్నీ మహిళ కథ. మెజో సోప్రానో (ఆడవాళ్ళ మధ్యరకం) గొంతు, అవే ఆరు వాద్యాలు. అంతకు ముందు తరానికి వెళ్తే ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బర్గ్ 1909లో కూర్చిన ‘ఎర్వార్టుంగ్’ ఉంది. రాత్రి అడవిలో ప్రేమికుడి కోసం వెతుక్కునే ఒక్క స్త్రీ, పెద్ద ఆర్కెస్ట్రా. అందులో గొంతు చీల్చే పని తక్కువ, ఆలోచన తెగిపోతూ అతుక్కుంటూ నడిచే తీరు మాత్రం అదే.

ఒంటిని తగ్గించండి

కళ్ళు తిప్పడం, తల ఊపడం, జుట్టు పీక్కోవడం, చొంగ కార్చడం, పిచ్చినవ్వు... ఇవన్నీ వదిలేయండి. మన సినిమాల్లో చూసి చూసి ఇవి చేతుల్లోకి వాటంతట అవే వచ్చేస్తాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వుకునే అలవాటు మనకుంది. ఆ ఆసుపత్రిలో అన్న కోసమో తల్లి కోసమో వరండాలో కూర్చున్నవాళ్ళు మీ ప్రదర్శనకు వచ్చి ఉండొచ్చు. వాళ్ళు తమ మనిషిని గుర్తుపట్టాలి, అవమానపడకూడదు. పాత్రకు నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే.

మరి ఒళ్ళు ఏం చేయాలి? రాజు రాజుగా ఉండటానికి ప్రయత్నిస్తున్నాడు. వీపు నిటారుగా పెట్టుకోవాలనుకుంటాడు, కుదరదు. చేతులు రాజులా చాచాలనుకుంటాడు, కట్టేసి ఉంచిన అలవాటు వల్ల మణికట్లు దగ్గరికి వచ్చేస్తాయి. ప్రయత్నం చూపించండి, వైఫల్యం దానంతట అది కనిపిస్తుంది. ఇంట్లో ఒకసారి చేతులు ఛాతీకి కట్టుకుని మొదటి పాట మొత్తం పాడి చూడండి. ఊపిరి ఎక్కడ అడ్డుపడిందో గుర్తు పెట్టుకుని, కట్లు లేకుండా పాడేటప్పుడు కూడా అక్కడే అడ్డుపడనివ్వండి.

పంజరాల్లో ఉన్నవాళ్ళతో

వాద్యకారులతో మొదటి రిహార్సల్‌కు పూర్తి గొంతుతో వెళ్ళకండి. ధ్వనులను సగం గొంతుతో, లేదా మాటగా మాత్రమే వేసుకుంటూ తాళం, కండక్టర్ సైగలు కుదుర్చుకోండి. పూర్తి గొంతు వారంలో రెండుసార్లు చాలు. సిగ్గుపడనక్కర్లేదు, ముందే చెప్పి పెట్టుకోండి.

పంజరంలో ఎవరున్నారో వాళ్ళతో విడివిడిగా మాట్లాడండి. స్వరకర్త ఆలోచన ప్రకారం ఈ పిట్టలు రాజు మనసులోని భాగాలు కూడా. కాబట్టి మీరు వాళ్ళ వైపు తిరిగినప్పుడల్లా బయటి మనిషితో మాట్లాడుతున్నారా, మీతో మీరే మాట్లాడుకుంటున్నారా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. కాపలాదారు సంగతి మరీ ముఖ్యం. చివర్లో అతను కొరడాతో పెద్ద డోలు కొడుతుంటే రాజు ఊళ పెడుతూ వెళ్ళిపోతాడు. అడుగులు, దెబ్బల వేగం, ఊళ ఎక్కడ సన్నగిల్లాలి అన్నవి హాల్లోనే, అసలు తలుపు దగ్గరే రిహార్సల్ చేయాలి. వేరే గదిలో చేసి లాభం లేదు.

వయొలిన్ విరగ్గొట్టే చోటు

ఏడో పాట హాండెల్ భక్తి కృతి ‘మెసయ్య’లోని ‘నా ప్రజలను ఓదార్చండి’ అనే మాటలతో మొదలై, పాలు, యాపిల్స్, ఊరి సారాకొట్టు దాటి, పాపం పాపం అనే కేకల్లోకి దిగుతుంది. చివర్లో రాజు పంజరం ఊచల్లోంచి వయొలిన్ లాక్కుని విరగ్గొడతాడు. డేవిస్ దీన్ని ఒక పిట్టను చంపడంగా మాత్రమే చూడలేదు. రాజు పిచ్చికి లొంగిపోయి తనలోని ఒక భాగాన్ని తానే బలి ఇచ్చే ఘట్టం అన్నాడు. ఆ తర్వాతే ఎనిమిదో పాటలో తన చావును ప్రకటించగలుగుతాడు. అందుకని కోపంతో విరగ్గొట్టకండి. అప్పటిదాకా ప్రజలను ఓదార్చిన చేతులే ఆ పని చేయాలి. లాక్కోవడానికి, విరగడానికి మధ్య ఒక క్షణం దాన్ని చూడండి, అది సంగీత వాద్యం అని రాజుకు తెలుసు.

పని వైపు నుంచి: చవక వయొలిన్లు ప్రదర్శనకు ఒకటి చొప్పున, రిహార్సల్‌కు అదనంగా ఒకటి కొనిపెట్టుకోమని నిర్వాహకులకు నెలల ముందే చెప్పండి. అసలు వయొలిన్‌తో రంగు, మెరుపు కలవాలి. అసలుది ఎప్పుడు పక్కకు వెళ్తుందో, నకిలీది ఎప్పుడు చేతికి వస్తుందో వయొలిన్ కళాకారుడే నిర్ణయించాలి, మీరు కాదు. వాద్యం విరగడం వాళ్ళలో కొందరికి నిజంగా తట్టుకోలేని విషయం. తీగలు వదులు చేసి ఉంచాలి, బిగుతుగా ఉంటే తెగి కంటికి తగులుతాయి. ముక్కలు ప్రేక్షకుల వైపు ఎగరకుండా కింద నేలకేసి, మీ శరీరానికి దూరంగా కొట్టండి. ఆ తర్వాత మీరు చెప్పులు లేకుండా నడిచేట్టయితే ముక్కలు పడే చోటు నుంచి దారి మళ్ళించుకోండి.

ప్రదర్శన రోజు, ఆ తర్వాత

పొద్దున ఎక్కువ మాట్లాడకండి, ఫోన్ పక్కన పెట్టండి. సాయంత్రం గొంతు వేడెక్కించేటప్పుడు ముందు శ్రుతిలో ఉండే చోట్లు, తర్వాత గుసగుసలు, అన్నిటికన్నా చివర గరగర. అరుపు వేదిక మీదే మొదటిసారి రానివ్వండి, గ్రీన్‌రూమ్‌లో ఖర్చు పెట్టకండి.

అరగంట ఊళ పెట్టిన మనిషి తెర దాటగానే మామూలు అవ్వలేడు. గొంతుకు స్ట్రా సాధన పది నిమిషాలు, మంద్రంలో మెల్లగా ‘మ్’ అనుకోవడం. మనసుకు, కాపలాదారు పాత్ర చేసిన మనిషితో కాసేపు కూర్చోండి, అతను మిమ్మల్ని పేరు పెట్టి పిలవాలి. మీ కుటుంబంలోనో మీకోనో మానసిక జబ్బు అనుభవం ఉంటే ఆ సంగతి రిహార్సల్స్ మొదలైనప్పుడే దర్శకుడికి చెప్పి ఉంచుకోండి. ఏ పాట దగ్గర ఆగాలనిపిస్తే అక్కడ ఆపే హక్కు మీకుండాలి.

రెండో ప్రదర్శన మర్నాడే పెడతామంటే ఒప్పుకోవద్దు. మధ్యలో కనీసం ఒక రోజు అడగండి. ఆ రోజు పొద్దున తారస్థాయి పరీక్ష చేసుకుని, స్వరం పలకకపోతే నిర్వాహకులకు అప్పుడే ఫోన్ చేయండి.